సింప్లెక్స్ టేబుల్ వేయడం వచ్చు, సమస్యను మోడల్‌గా రాయడం రావట్లేదు: ఆపరేషన్స్ రీసెర్చ్ ఎలా నేర్చుకోవాలి?

వరంగల్_స్టాట్స్ · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నా. ఈ సెమిస్టర్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో అత్యుత్తమ నిర్ణయాన్ని లెక్కగట్టే శాస్త్రం) పేపర్ ఉంది. సింప్లెక్స్, బిగ్-ఎమ్, టూ ఫేజ్ పద్ధతులు, ట్రాన్స్‌పోర్టేషన్ (సరుకు ఎక్కడ్నుంచి ఎక్కడికి), అసైన్‌మెంట్ (ఎవరికి ఏ పని) లెక్కలు... సమీకరణాలు ఇస్తే టేబుళ్ళు వేసి జవాబు తెస్తాను. మార్కులు కూడా వస్తున్నాయి.

కానీ మొన్న మా బాబాయి (లారీల వ్యాపారం) ఒక మాట అడిగాడు: "నాలుగు లారీలున్నాయి, ఎటు పంపితే మిగులుతుందో నీ చదువుతో చెప్పగలవా?" కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నా, మొదటి వాక్యం కూడా రాయలేకపోయా. ఏది వేరియబుల్, ఏది నిబంధన అన్నదగ్గరే ఆగిపోయా. డ్యూయల్ (ప్రతి లెక్కకీ జంటగా ఉండే రెండో లెక్క) రాయమంటే మాట్రిక్స్ తిప్పి రాస్తాను, అది ఎందుకో తెలియదు.

ఇది పరీక్ష కోసం కాదు, నిజంగా పని చేసేంత నేర్చుకోవాలని ఉంది. ఏ క్రమంలో వెళ్ళాలి? చేత్తో టేబుళ్ళు వేయడం కొనసాగించాలా, సాఫ్ట్‌వేర్‌లోకి దూకాలా?

---

లెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 10:05

బాబూ, ప్రశ్న బాగా అడిగావు. డిగ్రీ కాలేజీలో ఈ పేపర్ చాలా ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ముందు లీనియర్ ఆల్జీబ్రా గట్టిపడాలి. బేసిస్ అంటే ఏమిటి, ఒక కాలమ్‌ను మిగతా కాలమ్‌లతో కలిపి రాయడమంటే ఏమిటి, ఈ రెండూ మనసుకు ఎక్కితే సింప్లెక్స్ టేబుల్‌లో ప్రతి గడీ మాట్లాడుతుంది. చాలామంది టేబుల్‌ను పూజా విధానంలా చేస్తారు: ఇక్కడ భాగించు, అక్కడ తీసేయి. ఏ అంకె ఏం చెబుతోందో అడగరు. కాబట్టి టేబుళ్ళు మానేయకు. వంద లెక్కలు వేయకు, ఒక్క లెక్కను వదలకుండా చదువు. కనిష్ఠ నిష్పత్తి చూసి ఒక వేరియబుల్‌ను బయటకు ఎందుకు పంపుతున్నామో నీ మాటల్లో చెప్పగలిగితే ఆ అధ్యాయం వచ్చినట్టే.

ఇంకో సంగతి. ఈ శాస్త్రానికి మన హైదరాబాద్‌తో పాత బంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో బ్లాకెట్ లాంటి శాస్త్రవేత్తలు సైన్యం కోసం మొదలుపెట్టిన ఈ పద్ధతి, మన దేశంలో 1949లో హైదరాబాద్ రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలో ఒక విభాగంగా అడుగుపెట్టింది. ఇప్పుడు తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) అని పిలుస్తున్నది ఆ సంస్థనే. తర్వాత 1953లో మహలనోబిస్ కలకత్తా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో దీన్ని జాతీయ ప్రణాళికల కోసం తెచ్చారు. మన పిల్లలు దీన్ని పరాయి సబ్జెక్టులా చూడడం నాకు బాధగా ఉంటుంది.

---

హైటెక్‌సిటీ_డేటా · ఆదివారం, రాత్రి 11:30

మాస్టారిపై గౌరవంతోనే అంటున్నా, 2020లు వచ్చాక చేత్తో పివట్ (సింప్లెక్స్ టేబుల్‌లో ఒక అడుగు) వేయడం దేనికండీ? కంపెనీలో ఎవరూ వేయరు. పైథాన్ నేర్చుకుని సాల్వర్‌కి (లెక్క సాధించే సాఫ్ట్‌వేర్) ఇచ్చేస్తే సెకన్లలో జవాబు. నేను మెషీన్ లెర్నింగ్‌లో పని చేస్తాను, మాకు గ్రేడియెంట్ డిసెంట్ (వాలు వెంట అడుగడుగునా కనిష్ఠం వైపు దిగే పద్ధతి) చాలు. తమ్ముడు కూడా అటే వెళ్తే ఉద్యోగాలు ఎక్కువ అని నా అభిప్రాయం.

---

అనపర్తి_దాణా · సోమవారం, ఉదయం 6:20

తమ్ముడూ, నాది అనపర్తి దగ్గర కోళ్ళ దాణా మిల్లు. నేను డిగ్రీలో బీకాం. ఈ లీనియర్ ప్రోగ్రామింగ్ నాకు కాలేజీలో రాలేదు, మిల్లులో వచ్చింది. మా ఖర్చులో పెద్ద వాటా ముడిసరుకే కాబట్టి ఇది తెలియకపోతే నిలబడలేం. ఒక చిన్న లెక్క పెడతా, కాగితం తీసుకుని నాతో రా.

గుడ్లు పెట్టే కోడికి 100 కిలోల దాణా కలపాలి. మూడే సరుకులు అనుకుందాం. ధరలు, విలువలు లెక్క సులువుగా తేలడానికి గుండ్రంగా వేసుకున్నవి.

మొక్కజొన్న: కిలో 24 రూపాయలు, ప్రొటీన్ 9 శాతం, ఎనర్జీ కిలోకి 3300 కిలో కేలరీలు.
సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క): 45 రూపాయలు, ప్రొటీన్ 45 శాతం, ఎనర్జీ 2300.
నూనె తీసిన తవుడు: 16 రూపాయలు, ప్రొటీన్ 15 శాతం, ఎనర్జీ 1800.

కోడికి కావలసింది ప్రొటీన్ 18 శాతానికి తగ్గకూడదు, ఎనర్జీ కిలోకి 2650కి తగ్గకూడదు. ఖర్చు తగ్గాలి.

నువ్వు ఆగిపోయానన్న చోటు ఇదే కదా. నేను ఎప్పుడూ మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడుగుతా. రేపు పొద్దున్న మిల్లులో పనివాడికి నేను ఏ అంకెలు చెప్పాలి? మొక్కజొన్న ఎన్ని కిలోలు, సోయా ఎన్ని, తవుడు ఎన్ని. అవే వేరియబుళ్ళు. ఏది చేస్తే నన్ను తిడతారు? ప్రొటీన్ తగ్గితే గుడ్లు తగ్గాయని రైతు తిడతాడు, బస్తా తూకం తగ్గితే తిడతాడు. అవి నిబంధనలు. నెలాఖరుకి నేను ఏ అంకె చూసి సంతోషిస్తా? అదే లక్ష్యం. సమీకరణాల సంగతి ఆ తర్వాత.

మొక్కజొన్న మ, సోయా స, తవుడు త అనుకో.

మ + స + త = 100
9మ + 45స + 15త ≥ 1800
33మ + 23స + 18త ≥ 2650 (రెండు వైపులా వందతో భాగించా)
24మ + 45స + 16త కనిష్ఠం కావాలి.

మొదటి సమీకరణంతో మ తీసేస్తే రెండే మిగులుతాయి: 6స + త ≥ 150, 2స + 3త ≤ 130. గ్రాఫ్ గీస్తే త్రిభుజం. మూడు మూలలు: సోయా 25 తవుడు 0, సోయా 65 తవుడు 0, సోయా 20 తవుడు 30. మూడో మూల దగ్గర మొక్కజొన్న 50, సోయా 20, తవుడు 30. ఖర్చు 1200 + 900 + 480 = 2580 రూపాయలు. తవుడు అసలు వాడని మొదటి మూలలో 2925. క్వింటాల్‌కి 345 తేడా.

ఇది జవాబులో సగమే. మా మిల్లులో నేను ఎక్కువసేపు చూసేది రెండో సగం, మీరు డ్యూయల్ అంటారే, అది. ఇదే లెక్కలో ప్రొటీన్ 18 బదులు 17 చాలంటే ఖర్చు 82 రూపాయల 29 పైసలు తగ్గుతుంది. ఎనర్జీ 2650 బదులు 2700 కావాలంటే 43 రూపాయల 12 పైసలు పెరుగుతుంది. అంటే ఒక్కో నిబంధన నాకెంత ఖరీదు పడుతోందో తెలిసింది. షాడో ప్రైస్ అంటే నాకు ఇంతే.

దీన్ని ఇలా వాడతా. ఒక వ్యాపారి ఫోన్ చేసి "పొద్దుతిరుగుడు చెక్క ఉంది, 30 శాతం ప్రొటీన్, 1800 ఎనర్జీ, తీసుకుంటారా?" అంటాడు. లెక్క మళ్ళీ మొదట్నుంచి చేయక్కర్లేదు. ప్రొటీన్ ఒక్కో శాతానికి 0.823, ఎనర్జీ ఒక్కో వందకి 0.8625, బస్తాలో చోటు తిన్నందుకు 11.87 తీసేయాలి. 24.69 + 15.52 - 11.87 = 28 రూపాయల 34 పైసలు. ఆ ధరకి పైన చెబితే వద్దంటా, కింద చెబితే లారీ పంపమంటా. ఫోన్ పెట్టేలోపు తేలిపోతుంది.

(అసలు మిల్లులో 30 కిలోల తవుడు పెట్టం. లైసిన్, మెథియోనిన్ (ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలు), కాల్షియం, ఫాస్ఫరస్, పీచు, ఇలా వరుసలు చాలా ఉంటాయి. ఇది నేర్చుకోవడానికి.)

---

వరంగల్_స్టాట్స్ · సోమవారం, ఉదయం 8:47

అన్నా, గ్రాఫ్ గీసి చూశా. మూడు మూలలూ వచ్చాయి. ప్రొటీన్ 17 పెట్టి మళ్ళీ చేస్తే నిజంగానే 82.29 తగ్గింది. డ్యూయల్ వేరియబుల్‌కి రూపాయల్లో అర్థం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. ఆ 0.823, 11.87 ఎలా తెచ్చారో ఒక్క మాట చెప్పండి.

---

అనపర్తి_దాణా · సోమవారం, ఉదయం 9:10

మూడు సరుకులూ వాడుతున్నాం కాబట్టి మూడూ తమ ధరకి సరిగ్గా తూగాలి. మొక్కజొన్నకి: బరువు విలువ + 9 × ప్రొటీన్ విలువ + 33 × ఎనర్జీ విలువ = 24. సోయాకి కుడివైపు 45, తవుడుకి 16. మూడు సమీకరణాలు, మూడు తెలియనివి. సాధిస్తే బరువు విలువ మైనస్ 11.87 వస్తుంది. వాడని సరుకుకి ఈ మొత్తం దాని ధర కంటే తక్కువ ఉంటుంది, అందుకే అది వాడకంలోకి రాలేదు. మీ పుస్తకంలో డ్యూయల్ నిబంధనలంటే ఇవే చూడు.

---

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 11:25

దాణా గారూ, నా క్లాసులో మీరుంటే ఎంత బాగుండేది. మీరు చేసిన లెక్కకి చరిత్రలో పెద్దన్న ఉన్నాడు, అది చెప్పకుండా ఉండలేను.

1945లో స్టిగ్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఇదే లెక్క మనిషికి వేశాడు: 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు, ఏడాదికి అతి తక్కువ ఖర్చు ఎంత? సింప్లెక్స్ అప్పటికి లేదు. తెలివిగా అంచనా వేసి, 1939 ధరల్లో 39 డాలర్ల 93 సెంట్లు అన్నాడు. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ కనిపెట్టగానే ఆ పద్ధతిని పరీక్షించడానికి అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో లాడర్‌మన్ బృందం ఈ లెక్కనే ఎంచుకుంది. తొమ్మిది మంది గుమస్తాలు, చేత్తో నడిపే లెక్కల యంత్రాలు, అందరి శ్రమా కలిపి 120 పనిదినాలు. జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. అంచనాకీ అసలు కనిష్ఠానికీ 24 సెంట్లే తేడా! స్టిగ్లర్ చూపు ఎంత గొప్పదో అందులో తెలుస్తుంది. కానీ అంతకంటే తక్కువ ఇక లేదు అని రుజువు చెప్పగలిగింది సింప్లెక్స్ మాత్రమే.

మీ షాడో ప్రైసులకి ఇంకా ముందే పునాది ఉంది. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో సోవియట్ గణితవేత్త కంటొరోవిచ్ దగ్గరికి ఒక ప్లైవుడ్ ట్రస్టు వాళ్ళు వచ్చారు: యంత్రాలు కొన్ని, దుంగల రకాలు కొన్ని, ఏ యంత్రానికి ఏ పని ఇవ్వాలి? ఆయన ప్రతి నిబంధనకీ ఒక గుణకం కట్టి సాధించాడు. అవే నేటి డ్యూయల్ విలువలు. 1975లో ఆయనకీ కూప్‌మన్స్‌కీ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. డాంట్‌జిగ్‌కి అందులో వాటా రాలేదు, అది ఇప్పటికీ నాకు లోటుగానే అనిపిస్తుంది.

హైటెక్ బాబూ, నీ మాటకి కూడా జవాబు. గ్రేడియెంట్ డిసెంట్ మంచిదే. కానీ పది టన్నుల లారీలో పదిన్నర టన్నులు వేయకూడదు అన్న కచ్చితమైన గీతను అది దానంతటది గౌరవించదు. ఆ గీతల దగ్గర ఏం జరుగుతుందో చెప్పేవే కరుష్-కూన్-టకర్ షరతులు. కూన్, టకర్‌లు 1951లో ప్రకటించారు, కరుష్ 1939లోనే తన ఎమ్మెస్ థీసిస్‌లో రాశాడు. మీరు వాడే సపోర్ట్ వెక్టర్ మెషీన్ (డేటాను రెండు వర్గాలుగా విడదీసే పద్ధతి) లోపల ఉన్నది క్వాడ్రాటిక్ ప్రోగ్రామింగే (లక్ష్యంలో వర్గ పదాలుండే లెక్క). దాణా గారు చెప్పిన షాడో ప్రైసే అక్కడ మరో పేరుతో కనిపిస్తుంది: ఏ బిందువుకి గుణకం సున్నా కాదో అదే సపోర్ట్ వెక్టర్.

---

హైటెక్‌సిటీ_డేటా · సోమవారం, మధ్యాహ్నం 1:02

సార్, ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివా. రోజూ వాడే దాని లోపల ఇదుందని ఇలా ఎప్పుడూ చూడలేదు. కాన్వెక్సిటీ దగ్గర్నుంచి చదవడం మొదలుపెడతా. ధన్యవాదాలు.

---

డల్లాస్_అక్క · సోమవారం, రాత్రి 8:30

తమ్ముడూ, నేను ఇక్కడ విమానయాన రంగంలో సిబ్బంది షెడ్యూళ్ళ పని చేస్తాను. మాది విజయవాడ. అందరూ లీనియర్ గురించి చెప్పారు, మీ బాబాయి లారీల లెక్క మాత్రం ఇంటీజర్‌లోకి వస్తుంది. లారీ సగం వెళ్ళదు కదా.

"దశాంశం వస్తే దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే పోలేదా?" అని అందరూ అడుగుతారు. పోదు. పది టన్నుల లారీ ఒకటి, మూడు సరుకులు: ఒకటి 6 టన్నులు, 13 వేలు కిరాయి. మిగతా రెండూ 5 టన్నుల చొప్పున, ఒక్కోదానికి 10 వేలు. సరుకు విడగొట్టకూడదు. లీనియర్‌గా సాధిస్తే 6 టన్నులది పూర్తిగా, 5 టన్నులదాంట్లో ఐదింట నాలుగు వంతులు, 21 వేలు అంటుంది. ఆ ముక్కను ఒకటికి పెంచితే 11 టన్నులై లారీ పట్టదు, సున్నాకి దించితే 13 వేలే మిగులుతాయి. అసలు మంచి జవాబు రెండు 5 టన్నులవీ వేసుకోవడం: 20 వేలు. అందులో మొదటి సరుకు లేనే లేదు!

అయినా ఆ 21 వేలు వృథా కాదు. ఎవరెంత తిప్పలు పడ్డా 21 దాటదని అది హామీ ఇస్తుంది. చేతిలో 20 ఉంటే ఇక మిగిలిన ఆశ ఒక్క వెయ్యే. బ్రాంచ్ అండ్ బౌండ్ మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది: ఒక కొమ్మ ఇవ్వగల గరిష్ఠం మన చేతిలో ఉన్నదానికంటే తక్కువైతే ఆ కొమ్మను నరికేయ్. 1960లో దీన్ని ప్రచురించింది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి చెందిన ఇద్దరు మహిళలు, ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డాయిగ్. ఈ రంగంలోకి రావాలనుకునే అమ్మాయిలకి ఆ పేర్లు తెలియాలి.

సాఫ్ట్‌వేర్ విషయం: మొదట ఎక్సెల్ సాల్వర్ చాలు. తర్వాత పైథాన్‌లో పల్ప్ అనే లైబ్రరీ నేర్చుకో, సమీకరణం కాగితం మీద రాసినట్టే రాయొచ్చు. వెనక సాల్వర్‌గా సీబీసీ గానీ, ఎడిన్‌బరాలో తయారైన హైస్ గానీ ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఓఆర్-టూల్స్ రూట్లకీ డ్యూటీలకీ బాగుంటుంది. గురోబీ, సీప్లెక్స్ ఖరీదైనవి కానీ విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తారు, కాలేజీ ఈమెయిల్ ఉండగానే వాడుకో.

సాల్వర్‌కి ఇచ్చేస్తే చాలు అనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. గోడౌన్ తెరవాలా వద్దా అన్నదానికి 0-1 వేరియబుల్ పెడతాం. తెరవకపోతే సరుకు వెళ్ళకూడదు అని రాయడానికి చాలామంది "సరుకు ≤ 10,00,000 × తెరిచామా" అంటారు. సాల్వర్లు కొద్దిపాటి తేడాను పూర్ణాంకంగానే ఒప్పుకుంటాయి, 0.00001ని సున్నా అనుకోవడం మామూలే. 10 లక్షలతో గుణించు: మూసి ఉన్న గోడౌన్ గుండా 10 బస్తాలు వెళ్ళిపోయాయి, అద్దె కట్టకుండా! ఆ 10 లక్షల స్థానంలో ఆ గోడౌన్ అసలు సామర్థ్యం, 400 బస్తాలైతే 400, పెట్టు. జవాబు నిజమవుతుంది, వేగం కూడా పెరుగుతుంది. ఇంటీజర్ ప్రోగ్రామింగ్‌లో ఒకే సమస్యని పది రకాలుగా రాయొచ్చు, అందులో ఒకటి నిమిషంలో తేలుతుంది, ఇంకోటి తెల్లారినా తేలదు. ఏది ఏదో తెలియడమే ఈ విద్య.

---

గుంటూరు_సిస్టర్ · మంగళవారం, ఉదయం 5:55

నైట్ డ్యూటీ దిగి ఈ చర్చ చదివాను. నేను ఒక ఆసుపత్రిలో ఇన్‌ఛార్జ్ నర్సుని. 24 మందికి నెల డ్యూటీ చార్టు నేనే వేస్తాను. ప్రతి నెలా గొడవే. ఒకరికి నైట్లు ఎక్కువ పడ్డాయంటారు, ఇంకొకరి పిల్లల పరీక్షలు, ఒకరికి వ్రతం. ఎవరి మాటా అబద్ధం కాదు. మేడం, ఇది కూడా మీ లెక్కలో పడుతుందా? నాకు లెక్కలు ఇంటర్‌తో ఆగిపోయాయి.

---

డల్లాస్_అక్క · మంగళవారం, ఉదయం 7:40

పడుతుందండీ, నేను చేసేది దాదాపు ఇదే. 24 మంది, 30 రోజులు, 3 షిఫ్టులు: 2160 ప్రశ్నలు, ఒక్కోదానికి ఔను-కాదు జవాబు. నిబంధనలు మీకు ఇప్పటికే నోటికి వచ్చు, గుర్తుల్లో రాయడమే మిగిలింది. ఒకరికి రోజుకి ఒక షిఫ్టే. రాత్రి చేసినవాళ్ళకి మర్నాడు ఉదయం వేయకూడదు: ఆ రెండు వేరియబుళ్ళ మొత్తం 1కి మించకూడదు. ప్రతి షిఫ్టులో ఇంతమంది తప్పనిసరి.

నైట్లు సమానంగా పడాలన్నది లక్ష్యంలోకి రావాలి. "గరిష్ఠ నైట్లు" అని ఒక కొత్త వేరియబుల్ పెట్టి, ప్రతి ఒక్కరి నైట్లూ దానికి మించకూడదని 24 వరుసలు రాసి, ఆ వేరియబుల్‌ను తగ్గించమనండి. అందరికంటే ఎక్కువ భారం పడ్డవారి భారమే తగ్గుతుంది.

సెలవు కోరికల్ని మాత్రం కచ్చితమైన నిబంధనలుగా పెట్టకండి. అన్నీ అలా పెడితే సాల్వర్ "సాధ్యం కాదు" అని ఒక్క మాట చెప్పి ఆగిపోతుంది, ఏది వదులుకోవాలో చెప్పదు. తీర్చలేని ప్రతి కోరికకీ కొంత జరిమానా లక్ష్యంలో కలపండి. పరీక్షకి 10, వ్రతానికి 8, మామూలు ఊరి ప్రయాణానికి 3. ఆ అంకెలు మీరొక్కరే వేయొద్దు, 24 మందినీ కూర్చోబెట్టి ముందే ఒప్పించండి. చార్టు వచ్చాక జరిగే గొడవ ఆ సమావేశంలోనే సగం తీరుతుంది.

ఫార్మాట్ నేను తయారుచేసి పెడతాను, పేర్లు లేకుండా నిబంధనలు మాత్రం ఇక్కడ రాయండి.

---

గ్రూప్స్_గేట్_రెండూ · మంగళవారం, సాయంత్రం 4:15

పరీక్షల వాళ్ళ తరఫున ఒక సందేహం. గేట్ మెకానికల్‌లోనూ, యూపీఎస్సీ మ్యాథ్స్ ఆప్షనల్‌లోనూ ట్రాన్స్‌పోర్టేషన్ ఉంది. మూడు ఫ్యాక్టరీలు, నాలుగు మార్కెట్లు. వోగెల్ పద్ధతిలో (ఆరంభ జవాబు తెచ్చేది) చేస్తే ఆరు గడులు నిండాలి కదా, నాకు ఐదే నిండాయి. ఆ జవాబుని సరిచూసి మెరుగుపరిచే మోడీ (MODI) పద్ధతి ముందుకు కదలట్లేదు. ఇంకోటి, ఈ లెక్కల్లో జవాబు ఎప్పుడూ పూర్ణాంకమే ఎందుకు వస్తుంది?

---

లెక్కల_మాస్టారు · మంగళవారం, సాయంత్రం 6:30

అది డీజెనరసీ, అంటే నిండిన గడులు ఉండాల్సినదానికంటే తక్కువవడం. 3 + 4 - 1 = 6 ఉండాలి. ఖాళీ గడుల్లో ఒకదానిలో ఎప్సిలాన్ అనే అతి చిన్న పరిమాణం వేసుకో. ఎక్కడపడితే అక్కడ కాదు, నిండిన గడులతో కలిసి మూసుకున్న వలయం ఏర్పడని గడిలోనే. అలా ఉన్నవాటిలో తక్కువ ఖర్చు గడి ఎంచుకుంటే పని త్వరగా అవుతుంది. వోగెల్ ఇచ్చేది మంచి ఆరంభం మాత్రమే, మోడీతో సరిచూడకుండా ఆప్టిమల్ అని రాయకు.

రెండో ప్రశ్న చాలా మంచిది. ఈ సమస్య మాట్రిక్స్‌లో ప్రతి కాలమ్‌కీ రెండే ఒకట్లు ఉంటాయి, ఒకటి ఫ్యాక్టరీ వరుసలో, ఒకటి మార్కెట్ వరుసలో. అలాంటి మాట్రిక్స్‌లో ఏ చదరపు ముక్క తీసుకున్నా డిటర్మినెంట్ 0, 1, -1 తప్ప రాదు. క్రామర్ సూత్రంలో హారం 1 లేదా -1 అయితే భిన్నం ఎక్కడ్నుంచి వస్తుంది? సరఫరా, గిరాకీ పూర్ణాంకాలైతే ప్రతి మూలా పూర్ణాంకమే. అసైన్‌మెంట్‌కీ ఇదే కారణం. డల్లాస్ అమ్మాయి చెప్పిన కష్టాలన్నీ ఈ గుణం లేనిచోట మొదలవుతాయి.

అసైన్‌మెంట్ మాట వచ్చింది కాబట్టి: కూన్ 1955లో హంగేరియన్ పద్ధతి ఇచ్చాడు, అది ఒక్క అత్యుత్తమ జవాబు తెస్తుంది. రెండో మంచిది, మూడో మంచిది వరుసగా కావాలంటే? మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కట్టా జి. మూర్తి గారు 1968లో ఆ పద్ధతి ఇచ్చారు. రాడార్‌లో చాలా లక్ష్యాల్ని ఒకేసారి వెంబడించే చోట మూర్తి అల్గారిథమ్ అనే పేరుతోనే ఇప్పటికీ వాడతారు.

---

వరంగల్_స్టాట్స్ · బుధవారం, రాత్రి 10:48

పల్ప్ వేసుకుని దాణా అన్న లెక్క రాశా. 50, 20, 30, ఖర్చు 2580 వచ్చింది! ప్రతి నిబంధన దగ్గరా షాడో ప్రైస్ అడిగితే 0.8229, 0.8625, -11.8688. అన్న ఫోన్ లెక్కలో వాడిన అంకెలే.

తర్వాత పొద్దుతిరుగుడు చెక్కని కిలో 26 రూపాయలకి చేర్చా. 28.34 కంటే తక్కువ కాబట్టి కొనాలి కదా. ఖర్చు 2480కి పడింది, సరిగ్గా 100 తగ్గింది. కానీ జవాబు వింతగా ఉంది: మొక్కజొన్న 56.67, చెక్క 42.67, తవుడు 0.67, సోయా సున్నా. ఒక్క కొత్త సరుకు వస్తే సోయా మొత్తం పోవడమేంటి? ఎక్కడైనా ప్లస్-మైనస్ గుర్తు తారుమారైందా?

---

లెక్కల_మాస్టారు · గురువారం, ఉదయం 6:10

గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి బాబూ. నీ జవాబు చేతి టేబుల్‌లో ఒక్క అడుగు, రా చూపిస్తా.

చెక్క ఒక కిలో లోపలికి వస్తే మిగతావి ఎలా కదలాలి? ప్రొటీన్, ఎనర్జీ, బరువు మూడూ చెడకూడదు. సాధిస్తే సోయా 0.46875 తగ్గాలి, తవుడు 0.6875 తగ్గాలి, మొక్కజొన్న 0.15625 పెరగాలి. ఇదే టేబుల్‌లో ఆ కాలమ్. ఒక్కో కిలోకి లాభం 28.34 - 26 = 2.34. లాభం ఉంది కాబట్టి ఇంకా ఇంకా వేస్తాం. ఎంతవరకు? సోయా 20 ఉంది: 20 ÷ 0.46875 = 42.67. తవుడు 30 ఉంది: 30 ÷ 0.6875 = 43.64. ముందు అయిపోయేది సోయా. 42.67 దగ్గర అది సున్నా అయి బయటకు పోతుంది. 42.67 × 2.34 దాదాపు 100.

కనిష్ఠ నిష్పత్తి అంటే "ఏది ముందు అయిపోతుంది" అన్న ప్రశ్న. మొదటి రోజు నేను టేబుళ్ళు మానేయొద్దన్నది దీనికోసమే. సాల్వర్ ఇచ్చిన జవాబుని నువ్వు అనుమానించావు, సంతోషం. ఆ అనుమానాన్ని తీర్చేది టేబుల్.

---

అనపర్తి_దాణా · గురువారం, ఉదయం 6:35

మాస్టారూ, దండం. ఇన్నేళ్ళుగా వాడుతున్నా, ఆ నిష్పత్తికి ఇంత సూటి అర్థం ఉందని ఇవాళే విన్నా.

తమ్ముడూ, లెక్క కరెక్టే, దాణా మాత్రం పనికిరాదు. 42 కిలోల పొద్దుతిరుగుడు చెక్క వేస్తే పీచు ఎక్కువై కోడి సరిగా అరిగించుకోలేదు. పైగా అందులో లైసిన్ తక్కువ, సోయాలో ఎక్కువ. నీ మోడల్‌కి ప్రొటీన్ అంటే ఒకే అంకె, కాబట్టి రెండూ ఒకటే అనుకుంది. సాల్వర్ నువ్వు రాయని నిబంధనలో దూరుతుంది, ప్రతిసారీ. వింత జవాబు వచ్చిందంటే నువ్వు ఏదో రాయడం మర్చిపోయావని అది చూపిస్తోంది. మాకు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఇదే మొదటి పని: జవాబు చూసి, కోడి ఏమంటుందో ఆలోచించి, తప్పిపోయిన వరుస చేర్చడం.

ముందు చెక్క 10 కిలోలకి మించకూడదని పెట్టి చూడు.

---

వరంగల్_స్టాట్స్ · గురువారం, రాత్రి 9:20

పెట్టా అన్నా. మొక్కజొన్న 51.56, సోయా 15.31, తవుడు 23.13, చెక్క 10. ఖర్చు 2556.56. ఆ 10 కిలోల పరిమితి దగ్గర షాడో ప్రైస్ 2.34 చూపిస్తోంది, అంటే ఇంకో కిలో చెక్క అనుమతిస్తే 2 రూపాయల 34 పైసలు మిగులుతాయి. మాస్టారు చెప్పిన లాభమే అది.

ఇప్పుడు బాబాయి లారీల లెక్క రాస్తున్నా. మీ మూడు ప్రశ్నలూ ఆయన్నే అడిగా. "నన్ను తిట్టేది ఎవరు" అన్నదానికి ఒక పేజీ చెప్పాడు: డ్రైవర్ వరసగా రెండు రాత్రులు నడపకూడదు, ఖాళీగా తిరిగి రాకూడదు, ఒక మిల్లు వాళ్ళు మధ్యాహ్నం రెండు తర్వాత దించుకోరు. ఇవేవీ మొదటి రోజు నాకు తట్టలేదు.

---

అనపర్తి_దాణా · శుక్రవారం, ఉదయం 6:05

ఆ పేజీ మొత్తం ఇక్కడ పెట్టు, డల్లాస్ అక్క చూస్తుంది. దాణా లెక్కలో మాత్రం 10 కిలోల పరిమితి తీసేసి దాని చోట లైసిన్‌కి ఒక వరుస, పీచుకి ఒక వరుస రాయి. పరిమితి నేను అంచనాగా చెప్పింది, కోడికి నిజంగా కావలసినవి ఆ రెండు. విలువలు సరుకు ల్యాబ్ రిపోర్టులో ఉంటాయి, మా మిల్లువి సాయంత్రం పంపుతా.